తెరచాటు ప్రయాణము: ఇంటికి వీపీఎన్

యూట్యూబున వంటల వీడియో చూడబోయినను, వాహనముల సమీక్ష చూడబోయినను, నడుమ వక్త ఒక్క క్షణమాగి, వీపీఎన్ లేనివాని బ్యాంకు ఖాతా దొంగలపాలగుట తథ్యమన్నంత భీతి గొల్పి, రెండేండ్ల చందా ఒక్కమారుగా చెల్లించినచో ధర ఎంతో తగ్గునని ఊరించుట నేడు పరిపాటియైనది. ఆ ప్రకటనలలో కొంత సత్యము లేకపోలేదు. కాని దానిని అతిశయోక్తి నుండి వేరుచేసికొనక సొమ్ము చెల్లించువారు, అక్కఱలేనిదానినో, అక్కఱకు రానిదానినో కొనుచున్నారు. కావున ఏ కంపెనీ మేలైనదను ప్రశ్నకు పూర్వము, మనము ఎవరి కంటబడకుండ ఉండగోరుచున్నామను ప్రశ్న వేసికొనవలయును.

వీపీఎన్ చేయు పని వినుటకు గహనముగా దోచినను తెలిసికొనుటకు సులభమైనదే. సాధారణముగా మన ఫోను గాని కంప్యూటరు గాని ఇంటర్నెట్ కంపెనీవారి తీగ మీదుగా నేరుగ వెబ్‌సైటును చేరును. వీపీఎన్ ఉన్నపుడు సమాచారమంతయు ఫోనునందే గూఢలిపిగా మారి, మొదట వీపీఎన్ కంపెనీ సర్వరును చేరి, అచ్చట విప్పబడి, ఆ సర్వరు చిరునామాతో గమ్యమునకు పోవును. పూర్వము ఘోషాస్త్రీలు తెరగట్టిన మేనాలో పోవుచుండ, వీథిలోనివారికి మేనా పోవుచున్నదని తెలిసెడిదేగాని, లోనివారెవరో, ఏ యింట దిగుదురో తెలిసెడిది కాదు. అయినను మోయు బోయీలకు ఎక్కిన చోటును, దిగిన చోటును రెండును తెలియును. వీపీఎన్ కంపెనీ స్థానము ఆ బోయీలదే. ఇంటర్నెట్ కంపెనీకి మఱుగుపడినది వీరికి వెల్లడియగును. ఒకరిని నమ్మవలసిన అవసరము తొలగిపోలేదు. ఆ నమ్మకము ఒకరి నుండి మఱియొకరికి బదిలీయైనది, అంతియే. తక్కిన ఎంపిక యంతయు ఈ యొక్క విషయముపై ఆధారపడియున్నది.

దీనివలన చేకూరని ప్రయోజనములను ముందే చెప్పుట న్యాయము. నేడు వెబ్‌సైటులలో అధికభాగము హెచ్‌టీటీపీఎస్ పద్ధతిని స్వయముగనే గూఢలిపి వాడుచున్నందున, రైల్వేస్టేషను వైఫైలో బ్యాంకు సైటు తెరచినను ప్రక్కవానికి మన పాస్‌వర్డు కానరాదు. మనము దర్శించిన సైటు పేరు మాత్రము వైఫై యజమానికిని, ఇంటర్నెట్ కంపెనీకిని సాధారణముగా తెలియును. ఆ పేరును గూడ దాచునది వీపీఎన్. గూగులులో లాగిన్ అయి వెదకువాడు ఎన్ని దేశముల సర్వరుల మీదుగా వెళ్ళినను గూగులుకు తెలిసినవాడే. ఓటీపీ చెప్పుమని ఫోను చేయు మోసగానిని గాని, లంకెలో దాగివచ్చు హానికర ప్రోగ్రామును గాని వీపీఎన్ తనంతట అడ్డగింపజాలదు. హాస్టలు, హోటలు, విమానాశ్రయముల వైఫైని తఱచుగ వాడువారికిని, తమ బ్రౌజింగు వివరములు ఇంటర్నెట్ కంపెనీ చేతబడుట ఇష్టములేనివారికిని ఇది ఉపకరించును. ఇంటనే కూర్చుండి వార్తలు చదివి, కరెంటు బిల్లు కట్టుకొను గృహస్థునకు డబ్బిచ్చి కొనవలసినంత అగత్యము లేదని నా అభిప్రాయము.

కొనదలచినవారు మొట్టమొదట ఉచితముల విషయమున జాగ్రత్త వహింపవలయును. 2016లో ఆస్ట్రేలియా దేశపు సీఎస్ఐఆర్ఓ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు ఇతర పరిశోధకులతో గూడి 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాపులను పరీక్షింపగా, 18 శాతము యాపులు అసలు గూఢలిపినే వాడుట లేదనియు, 38 శాతము యాపులలో హానికర ప్రోగ్రాముల జాడలున్నవనియు తేలెను. హోలా అను ఉచిత సేవ తన వినియోగదారుల ఇంటర్నెట్ కనెక్షన్లనే ఇతరులకు విక్రయించుచున్నదని 2015లో బయటపడినది. ఫేస్‌బుక్ కంపెనీ 2013లో కొనిన ఒనావో సంస్థ యాపు, మీ సమాచారమును రక్షింతునని చెప్పుచునే, ఏ యాపును ఎందఱెంతసేపు వాడుచున్నారో యజమానికి చేరవేసినది. ఈ వ్యవహారమున 2023లో ఆస్ట్రేలియా ఫెడరల్ న్యాయస్థానము ఆ కంపెనీ అనుబంధ సంస్థలకు మొత్తము 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించెను. కూలి పుచ్చుకొనని బోయీలు మఱియెవరి కూలి తినుచున్నారో విచారింపవలదా? డబ్బు చెల్లించు చందాదారుల ఆదాయముతో ఉచిత సేవను నడుపు ప్రోటాన్ వంటి కొన్ని మాత్రము దీనికి మినహాయింపులు.

‘మేమేమియు నమోదు చేయము’ అను మాట ప్రతి కంపెనీయు పలుకునదే. దానిని బయటి ఆడిటర్లు పరీక్షించిరా, ఆ నివేదికను ప్రకటించిరా అని చూడవలయును. అంతకన్న బలమైన సాక్ష్యము ఆపత్కాలమున లభించును. 2023 ఏప్రిల్ 18న స్వీడన్ పోలీసులు గోటెన్‌బర్గ్ నగరమందలి మల్వాడ్ అను వీపీఎన్ కంపెనీ కార్యాలయమునకు సోదా వారంటుతో వచ్చి, వారు కోరిన వినియోగదారుల సమాచారము అచ్చట లేనందున వట్టిచేతులతో మరలిరని ఆ కంపెనీ ప్రకటించినది. ఈమెయిలు గాని పేరు గాని అడుగక, ఒక సంఖ్యనే ఖాతాగా ఇచ్చు కంపెనీ యది. నమోదు కాని వివరమును ఎవరును పట్టుకొనిపోజాలరు గదా!

మన దేశమున వీపీఎన్ వాడుట సాధారణముగా నేరము కాదు. వీపీఎన్ లేక చేసిన నేరము, దానితో చేసినను నేరమే. అయితే సెర్ట్-ఇన్ అను కేంద్రప్రభుత్వ సైబరు భద్రతా సంస్థ 2022 ఏప్రిల్ 28న వెలువరించిన ఆదేశములు, వీపీఎన్ కంపెనీలు తమ చందాదారుల పేర్లు, చిరునామాలు, వారికి కేటాయించిన ఐపీ చిరునామాలు మున్నగునవి 5 సంవత్సరములు భద్రపఱుపవలయునని విధించినవి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ వంటివి దీనికి సమ్మతింపక తమ సర్వరులను భారతదేశము నుండి తొలగించుకొనినవి. కావుననే వీరి యాపులలో ‘ఇండియా’ అని కనబడు సర్వరు సింగపూరు వంటి చోటనుండి భారతీయ చిరునామాతో పనిచేయుచుండును. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల నుండి గల్ఫు పోవు మనవారు మఱింత మెలకువతో నుండవలయును: యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నేరము చేయుటకో, దానిని కప్పిపుచ్చుటకో వీపీఎన్‌తో ఐపీ చిరునామాను మార్చినచో, 2021 నాటి సైబరు నేరముల చట్టము ననుసరించి 5 లక్షల నుండి 20 లక్షల దిర్హాముల వరకు జరిమానా పడవచ్చును.

ఇక అమర్చుకొను విధానము. ప్లే స్టోరులో ఒకే పోలిక పేర్లు గల యాపులు అనేకముండును గావున, కంపెనీ వెబ్‌సైటులోని లంకె ద్వారా పోయి దింపుకొనుట క్షేమము. యాపులో ప్రోటోకాలు ఎంచుకొనుమన్నచోట వైర్‌గార్డ్ ఉన్నచో దానినే గ్రహింపవచ్చును. సుమారు 4,000 పంక్తులలో ఇమిడిన ఈ ప్రోగ్రాము 2020 మార్చిలో వెలువడిన లినక్స్ 5.6 కెర్నెలున చేరినది, వేగమునందును మిన్న. 2001 నాటి ఓపెన్‌వీపీఎన్ కూడ నమ్మదగినదే. విండోస్ సెట్టింగులలో నేటికిని కనబడు పీపీటీపీని మాత్రము తాకరాదు. దాని గూఢలిపి ఎన్నడో ఛేదింపబడినది. సర్వరు ఎంత దూరముననున్న అంత ఆలస్యము గనుక, ప్రత్యేక కారణము లేనిదే సమీప దేశమును వదలి అమెరికాకు పోనక్కఱలేదు.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ యందలి నెట్‌వర్క్ విభాగమున వీపీఎన్ పేరు ప్రక్కనున్న చక్రపు గుర్తును నొక్కినచో ‘ఆల్వేస్ ఆన్’ అనునదియు, వీపీఎన్ లేని కనెక్షన్లను నిరోధించు మీటయు కనబడును. రెండవది వేసినపుడే, వీపీఎన్ నడుమ తెగిపోయినను సమాచారము బట్టబయలుగా పోకుండ నిలుచును. కొన్ని ఫోనులు బ్యాటరీ పొదుపు పేరిట వెనుక నడచు యాపులను ఆపివేయును; వీపీఎన్‌కు అచ్చట మినహాయింపు నీయవలయును. యూపీఐ, బ్యాంకు యాపులు విదేశీ చిరునామాను చూచి మొండికేయుట తఱచు. అట్టివానిని ఆండ్రాయిడ్ వీపీఎన్ యాపులలోని ‘స్ప్లిట్ టన్నెలింగ్’ ద్వారా వెలుపల నుంచవచ్చును. ఆ నిరోధక మీట వేసియున్నచో ఈ వెసులుబాటు పనిచేయకపోవచ్చును గావున, రెంటిలో ఏది ముఖ్యమో నిర్ణయించుకొనవలసి యుండును. అన్నియు అమరిన పిదప ఐపీ చిరునామాను, సైటు పేర్లను చిరునామాలుగా మార్చు డీఎన్ఎస్‌ను చూపు పరీక్షా సైటు నొకదానిని తెరచి, పాత చిరునామా ఎచ్చటనైన తొంగిచూచుచున్నదేమో పరిశీలింపవలయును. మన మొబైలు నెట్‌వర్కులలో విస్తారముగ వాడుకలోనున్న ఐపీవీ6 అను క్రొత్త తరపు చిరునామాల దారిని కొన్ని నాసిరకపు యాపులు మూయుట మఱచును.

టీవీ కొఱకై రౌటరులోనే వీపీఎన్ పెట్టవలయునని కొందఱందురు. ఇంటర్నెట్ కంపెనీలు ఇచ్చు రౌటరులలో తఱచుగ ఆ సౌకర్యముండదు. వేఱొకటి కొనవలయును, దాని చిన్న ప్రాసెసరు గూఢలిపి భారమునకు అలసి వేగము తగ్గును, పైగా ఇల్లంతయు ఒక్కమారు విదేశమైపోవును. ఓటీటీ కంపెనీలు వీపీఎన్ చిరునామాలను గుర్తించి నిరోధించుచున్నవి, వాని నిబంధనలును ఇందుకు ఒప్పుకొనవు. ఒక సినిమా కొఱకింత ప్రయాస నాకు రుచింపదు.

దీనికన్న నాకు ముచ్చట గొల్పు ఉపయోగము వేఱొకటి కలదు. దానిలో బోయీలును మనవారే. విజయవాడలో తల్లిదండ్రులు, డల్లాసులో కుమారుడు ఉన్న కుటుంబములు నేడనేకము. ఇంటి కెమెరాను గాని, తండ్రి కంప్యూటరును గాని దూరమునుండి చూచుటకు రౌటరులో పోర్టు తెరచి లోకమునకంతకును తలుపు తీయుటకంటె, ఇంట రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరులో వైర్‌గార్డ్ నెలకొల్పి, అది చూపు క్యూఆర్ కోడును కుమారుని ఫోనుతో స్కాన్ చేయించినచో, అతడు ఎక్కడనున్నను ఇంటి నెట్‌వర్కులో ఉన్నట్లే యగును. మన ఇంటర్నెట్ కంపెనీలు పెక్కు సీజీనాట్ పద్ధతిని అనేక గృహములకు ఒకే బహిరంగ చిరునామా నిచ్చుచున్నందున బయటినుండి వచ్చు పిలుపు ఇంటికి చేరకపోవచ్చును. అట్టిచోట స్థిర ఐపీని అదనపు రుసుముతో కోరవచ్చును, లేదా వైర్‌గార్డ్‌పైనే నిర్మితమై, వ్యక్తిగత వినియోగమునకు ఉచిత పథకము గల టెయిల్‌స్కేల్ అను సేవను వాడవచ్చును. రౌటరుతో పాటు ఆ చిన్న పెట్టెను గూడ ఇన్వర్టరు లైనుకు తగిలించి, కుక్కరు కొఱకో మిక్సీ కొఱకో దానిని ఊడబీకకుండ ప్లగ్గుపై ‘తీయరాదు’ అని ఒక చీటి అంటించుట మాత్రము మఱువరాదు.