జనవరి 1న పుట్టినవాళ్లు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో స్థిరపడిన సోమాలీ పెద్దల గుర్తింపు కార్డులు చూస్తే చాలామందికి పుట్టినరోజు జనవరి 1. తేదీలు రాసిపెట్టుకునే అలవాటు లేని కుటుంబాలు శరణార్థులుగా నమోదయ్యేటప్పుడు గుమాస్తాలు ఆ గడిని అలా నింపేశారు. పేరు సంగతీ అంతే. సోమాలీలకు ఇంటిపేరు ఉండదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు కలిపి చెప్పుకుంటారు. అమెరికా దరఖాస్తులో ఇంటిపేరు ఉండి తీరాలి కాబట్టి తాత పేరు అక్కడికి చేరింది. పెళ్లయినా ఆడవాళ్లు పేరు మార్చుకోరు. దాంతో ఒకే ఇంట్లో తండ్రిదో ఇంటిపేరు, తల్లిదో ఇంటిపేరు, పిల్లలది ఇంకొకటి. బడిలో చేర్పించే రోజున ఇదంతా చెప్పి ఒప్పించడం చిన్న పనేమీ కాదు.

1991లో సోమాలియాలో సియాద్ బారే ప్రభుత్వం కూలి దేశం అంతర్యుద్ధంలో పడ్డాక వేలమంది కెన్యా శిబిరాలకు, అక్కడినుంచి అమెరికాకు చేరారు. ఎముకలు కొరికే చలి ఉన్న మిన్నెసోటాకే ఎందుకంటే, టర్కీ కోళ్ల మాంసం ఫ్యాక్టరీల్లో ఇంగ్లీషు రాకపోయినా పని దొరికేది. మిన్నియాపోలిస్‌లో వాళ్లు గుమిగూడిన సీడర్-రివర్‌సైడ్ పేట ఒకప్పుడు స్వీడన్, నార్వేల నుంచి వచ్చిన కూలీలది.

సొంత దేశంలో దాదాపు అందరిదీ ఒకే మతం, ఎక్కువమందిది ఒకే భాష. కొత్త మనిషి ఎదురైతే తెలుసుకోవలసింది తెగ ఒక్కటే. (బంటూ అనే అల్పసంఖ్యాక సోమాలీలను రూపం చూసి చులకన చేసేవాళ్లన్నది వేరే కథ, అదీ నిజమే.) అమెరికాలో దిగగానే వాళ్లు నల్లవాళ్లయ్యారు, ముస్లింలయ్యారు. కారు ఆపిన పోలీసుకు తెగల తేడా ఏం తెలుస్తుంది? తెగల పేరిట తన్నుకున్నవాళ్లను సోమాలీలుగా ఒక్కచోటికి చేర్చింది పరాయి దేశమేనంటాను. అలాగని తెగ చచ్చిపోలేదు. చందాలకూ ఓట్లకూ ఇంకా పనికొస్తూనే ఉంది. బాల్యంలో శరణార్థిగా వచ్చిన ఇల్హాన్ ఒమర్ మిన్నియాపోలిస్ నుంచే 2018లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైంది. ఆమె హిజాబ్‌తో సభలో కూర్చోవడానికి, తల మీద ఏదీ ధరించరాదన్న 1837 నాటి నిబంధనను సడలించారు.

అమెరికాలో పెరిగే పిల్లలు చెయ్యి దాటిపోతున్నారనిపిస్తే కొందరు తల్లిదండ్రులు వాళ్లను సోమాలియాకో, నైరోబీలోని ఈస్ట్‌లీకో పంపేస్తారు, మన పద్ధతులు నేర్చుకు రమ్మని. అక్కడ యాస, నడక చూసి పైదేశపు పిల్లలని ఇట్టే పట్టేస్తారు. బాగుచేస్తామనే కొన్ని కేంద్రాల్లో పిల్లల్ని గొలుసులతో కట్టి కొట్టిన సంగతులూ బయటపడ్డాయి. పాస్‌పోర్టు పెద్దల చేతిలో ఉంటుంది. తప్పించుకున్న కుర్రాడికి మిగిలే దారి అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి, నేను మీ దేశ పౌరుణ్ణని చెప్పుకోవడమే.