త్రీడీ బొమ్మకు బరువుండదు

ఇంటీరియర్ డిజైనర్‌తో తొలి మాటలు అయిన వారం పది రోజులకు ఫోనుకు కొన్ని బొమ్మలు వస్తాయి. సోఫా వెనక గోడకు చెక్క పలకల వరస, సీలింగ్ అంచుల్లో దాగిన పసుపు వెలుగు, వంటగదిలో మీగడ రంగు కబోర్డులు. ఇంటిల్లిపాదీ చూసి ముచ్చటపడతారు, అడ్వాన్సు చెల్లిస్తారు. ఆ త్రీడీ బొమ్మ వెనక పెద్ద గణితమే ఉంది. కాంతి ఏ ఉపరితలం మీద పడి ఎటు చెదురుతుందో కంప్యూటర్ లెక్కగట్టి గీస్తుంది. అయితే అది లెక్కించేది కాంతిని ఒక్కదాన్నే. ఆ గ్రానైట్ బరువెంత, ఆ చెక్క వానాకాలంలో ఎంత ఉబ్బుతుంది, ఆ జిగురు గాలిలోకి ఏం వదులుతుంది, ఆ గదిలో మాట ఎంతసేపు మోగుతుంది, ఆ గట్టు ముందు నిలబడే మనిషి ఎత్తెంత అన్నవి బొమ్మలో ఉండవు. పాత ఇంటిని మార్చుకునే పనిలో డబ్బూ ఆరోగ్యమూ ఎక్కువగా పోయేది ఈ కనిపించని చోట్లే. డిజైనర్‌కు ఇచ్చే ఫీజు వీటికి జవాబు చెప్పినందుకు ఇవ్వవలసింది.

ముందు గోడల సంగతి. హాలునూ వంటగదినీ కలిపేద్దామన్న ప్రతిపాదన దాదాపు ప్రతి ఇంట్లోనూ వస్తుంది. అమీర్‌పేట, హిమాయత్‌నగర్ వంటి చోట్ల పాత అపార్ట్‌మెంట్లలో సాధారణంగా బరువును పిల్లర్లు, బీములు మోస్తాయి. మధ్యలో ఉన్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ చాలావరకు అడ్డు మాత్రమే. తీయవచ్చు, స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సరేనన్నాక. హైదరాబాద్ పడమటి శివార్లలో లేచిన టవర్లలో అనేకం మైవాన్ పద్ధతిలో పోసినవి. అంటే అల్యూమినియం అచ్చుల్లో గోడలనూ స్లాబునూ కలిపి కాంక్రీటుతో పోస్తారు. అక్కడ గోడే పిల్లరు. పై అంతస్తుల బరువు, గాలి తోపు, భూకంపపు కుదుపు అన్నీ దాని గుండానే నేలకు దిగుతాయి. అలాంటి గోడలో కొత్త స్విచ్‌బోర్డు కోసం అడ్డంగా గాడి కొట్టినా లోపలి ఊచ తెగే ప్రమాదం ఉంది. ఏసీ పైపు కోసం బీముకు కన్నం వేయడమూ ఇటువంటిదే. బీము అడుగున ఉన్న ఊచలు లాగుడును, చివర్ల దగ్గర దగ్గరగా కట్టిన రింగులు కోతను తట్టుకోవడానికి పెట్టినవి. బిల్డర్ దగ్గర ఆ డ్రాయింగులు ఉంటాయి. అవి అడగకుండా సుత్తి పట్టించే డిజైనర్‌ను ఆ రోజే మార్చుకోవడం మంచిది.

నేల విషయంలో ఎవరూ బరువు అడగరు. పాత మొజాయిక్ తవ్వితే దుమ్ము, శబ్దం, కింది ఇంటివాళ్లతో తగవు. కాబట్టి దాని మీదే గ్రానైట్ పరిచేద్దామంటారు. లెక్క చూద్దాం. ఘనమీటరు గ్రానైట్ సుమారు 2,700 కిలోలు తూగుతుంది. 20 మిల్లీమీటర్ల మందం ఉన్న రాయి చదరపు మీటరుకు 54 కిలోలు. దాని కింద 40 మిల్లీమీటర్ల సిమెంటు మాలు మరో 84 కిలోలు. మొత్తం 138. నివాస గదుల్లో మనుషులు, సామాను కోసం మన ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోలు. స్లాబు డిజైన్‌లో ఒక పొర ఫ్లోరింగ్ బరువును ముందే కలుపుతారు, రెండో పొరను ఎవరూ కలపరు. అంటే మనుషులకూ బీరువాలకూ ఉంచిన వాటాలో మూడింట రెండు వంతులను కొత్త నేల ఒక్కటే శాశ్వతంగా ఆక్రమిస్తుంది. పన్నెండడుగుల చదరపు గదికి ఇది దాదాపు 1,850 కిలోలు. స్లాబు మర్నాడే కూలిపోతుందని కాదు. భద్రత కోసం వదిలిన జాగాను మనం తెలియకుండా తినేస్తున్నామని. పాత నేల గట్టిగా ఉంటే పల్చని టైలును అడ్హెసివ్‌తో అతికిస్తే చదరపు మీటరుకు 30 కిలోల దగ్గర తేలిపోతుంది.

ఇక చెక్క. రీమోడలింగ్ బడ్జెట్‌లో పెద్ద ముక్క దీనిదే, మోసపోయేదీ ఇక్కడే. చెట్టు చచ్చిన తర్వాత కూడా చెక్క గాలిలోని తేమను పీల్చి వదులుతూ ఉంటుంది. పచ్చి కలప పూర్తిగా ఎండేసరికి నారకు అడ్డంగా, వలయాల వెంబడి 6 నుంచి 10 శాతం దాకా కుదించుకుపోతుంది. నార వెంట మాత్రం ఆ మార్పు 0.2 శాతం కూడా ఉండదు. ప్లైవుడ్ పుట్టుక ఈ తేడాలోనే ఉంది. పల్చని పొరలను ఒకదానికొకటి అడ్డంగా పేర్చి అతికిస్తే, ఒక పొర కదలబోయే దిశలో పక్క పొర నార గట్టిగా పట్టి ఉంచుతుంది. పొరల సంఖ్య బేసిగా ఉండటం కూడా ఇందుకే. మధ్య పొరకు అటూ ఇటూ బలాలు సమానంగా ఉంటేనే పలక చదునుగా నిలుస్తుంది.

ఈ సమతూకాన్ని మనవాళ్లు చెడగొట్టేది సన్‌మైకా దగ్గర. వార్డ్‌రోబ్ తలుపుకు బయటివైపు ఒక మిల్లీమీటరు లామినేట్ అతికించి, లోపలివైపు ఎవరు చూస్తారులే అని రంగు పూసి వదిలేస్తారు. బయటి వైపు తేమకు దారి మూసుకుపోయింది, లోపలి వైపు తెరిచే ఉంది. జూలైలో లోపలి ముఖం తేమ పీల్చి సాగుతుంది, బయటి ముఖం సాగలేదు. ఏడడుగుల తలుపు విల్లులా వంగుతుంది, పైమూల తాళం పట్టదు. వడ్రంగి వచ్చి కీలు బిగిస్తాడు, తలుపు ఆ నెలకు సర్దుకుంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది. తప్పు కీలుది కాదు. లోపలివైపూ దాదాపు అంతే మందం ఉన్న లామినేట్ వేయాలని కొటేషన్‌లోనే రాయించుకోవాలి. సింకు కింద, బాత్రూమ్ గోడకు ఆనిన చోట ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై అడగాలి. ఆ తరగతి ప్లైవుడ్ ముక్కను 72 గంటలు మరుగునీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదు. షాపులో చెప్పే మాట కన్నా కోసిన అంచు నమ్మదగింది. పొరల మధ్య ఖాళీలు, పుట్టీ నింపిన సందులు కనిపిస్తే మేకు అక్కడ పట్టదు.

ఆ పొరలను పట్టి ఉంచే జిగురు గురించి కొంచెం. చౌక పలకల్లో యూరియా ఫార్మాల్డిహైడ్, మెరైన్ ప్లైలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెజిన్లు వాడతారు. మొదటిదానిలోని రసాయన బంధాలను తేమ, వేడి కలిసి నెమ్మదిగా విడదీస్తాయి. ఫార్మాల్డిహైడ్ వాయువు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. రెండోది అలా తేలిగ్గా విడిపోదు. కొత్త అలమర తెరవగానే కళ్లు చుర్రుమనడానికి ఈ వాయువు ఒక ముఖ్య కారణం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. ఇళ్లలోని గాలిలో అరగంట సగటున ఘనమీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పరిమితి సూచించింది. వేడీ తేమా రెండూ ఉన్న మన వాతావరణం ఈ వాయువుకు అనుకూలమే. తక్కువ ఉద్గారానికి గుర్తు అయిన ఈ1, ఈ0 తరగతులను సర్టిఫికెట్‌తో చూపించమనాలి, కోసిన అంచులన్నింటికీ బ్యాండ్ వేయించాలి. మన ఇళ్లలో మరో ఇబ్బంది ముహూర్తం. పాలు పొంగించే రోజు ముందే ఖాయం, పాలిష్ మాత్రం ముందురోజు రాత్రి దాకా నడుస్తుంది. ఆ రాత్రే పసిపిల్లలతో తలుపులు బిగించి, ఏసీ వేసుకుని పడుకోవడం ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. పూజ చేసుకుని, కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచి, ఆ తర్వాత కాపురం పెట్టవచ్చు.

వంటగదిని కొలతల శాస్త్రంగా మొదట చూసినవారిలో ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటె ష్యూట్టె లిహోట్‌స్కీ ముఖ్యురాలు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ గృహ నిర్మాణ పథకానికి ఆమె గీసిన వంటగది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. ఇల్లాలి అడుగులు లెక్కబెట్టి, రైలు భోజనశాల పెట్టెలోని వంటగదిని చూసి ఆమె దాన్ని రూపొందించింది. సుమారు 10,000 ఇళ్లలో అది అమరింది. నేటి మాడ్యులర్ కిచెన్ దాని సంతానం. అయితే ఆ కిచెన్ పప్పుగుత్తిని ఎరగదు.

152 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీని తీసుకుందాం. మోచేయి నేలనుంచి దాదాపు 96 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కూరగాయలు తరగడం వంటి పనికి గట్టు మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందుండాలి. అంటే 81 నుంచి 86. మామూలుగా వేసే గట్టు ఎత్తు ఇంచుమించు ఇదే, ఇంతవరకు బాగానే ఉంది. ఆ గట్టు మీద 10 సెంటీమీటర్ల స్టవ్వు, దానిమీద 20 సెంటీమీటర్ల గిన్నె పెట్టండి. గిన్నె అంచు 114 సెంటీమీటర్లకు చేరింది. పప్పుగుత్తి పట్టుకున్న చెయ్యి 125 దగ్గర, అంటే ఆమె భుజం ఎత్తులో ఉంటుంది. బలం వేసి కిందికి నొక్కే పనికి చెయ్యి మోచేతి కన్నా బాగా కిందుండాలి. భుజం ఎత్తున నొక్కితే శరీర బరువు సాయం రాదు, పనంతా భుజం కండరాల మీద పడుతుంది. మన అమ్మమ్మలు పప్పు గిన్నెను దించి కింద పెట్టుకుని ఎనిపినది ఇందుకే. పరిష్కారం కష్టమేమీ కాదు. స్టవ్వు ఉండే భాగం వరకు గట్టును నాలుగైదు అంగుళాలు దించవచ్చు, లేదా గ్రానైట్‌లోకి దిగే హాబ్ అమర్చవచ్చు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో ప్రచురించిన దేబ్‌కుమార్ చక్రబర్తి గ్రంథంలో భారతీయుల శరీర కొలతలు పట్టికలుగా ఉన్నాయి. అది లేకపోయినా టేపు చాలు. కొడుకు డాలస్‌లో కూర్చుని త్రీడీకి సరేనంటాడు, వంట చేసేది కూకట్‌పల్లిలో తల్లి. ఆమె మోచేయి ఎత్తు ఎంతో డ్రాయింగ్ మీద రాసి ఉందా అని చూడాలి.

సిలిండర్‌ను కబోర్డులో దాచే ముందు ఒక మాట. ఎల్‌పీజీ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేల దగ్గర పేరుకుంటుంది. కబోర్డు అడుగు భాగాన గాలి మార్గాలు తప్పనిసరి, పైన జాలీ ఒక్కటే పెడితే పెట్టనట్టే.

వెలుగు దగ్గర డిజైనర్లు ఎక్కువ శ్రద్ధ చూపిస్తారు, అయినా షాపులో ఎంచిన రంగు ఇంట్లో వేరేగా కనిపించిందన్న ఫిర్యాదు ఆగదు. షోరూమ్‌లో 6,500 కెల్విన్ల తెల్లని వెలుగు, ఇంట్లో 3,000 కెల్విన్ల పసుపు వెలుగు. ఒక వెలుగులో ఒకేలా కనిపించిన రెండు రంగులు మరో వెలుగులో విడిపోవడం కంటి భ్రమ కాదు. ఆ రెండు అద్దకాలూ వేర్వేరు తరంగదైర్ఘ్యాలను పరావర్తనం చేస్తాయి. బల్బు వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పడానికి ఎల్‌ఈడీ డబ్బా మీద రాసే సీఆర్ఐ అంకె 8 లేతరంగుల సగటు మాత్రమే, ముదురు ఎరుపు అందులో లేదు. ఆవకాయ వెలవెలపోయి కనిపించే బల్బుకు కూడా 80 మార్కులు రావచ్చు. లామినేట్ నమూనాను ఇంటికి తెచ్చి, గోడకు నిలబెట్టి, పగలోసారి రాత్రోసారి చూడాలి.

ధ్వనిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో పలికిన మాట అయిదున్నర సెకన్లు మోగుతూ ఉండేది. వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్రవేత్త పక్కనున్న నాటకశాల కుర్చీ పరుపులు మోయించి తెచ్చి, ఒక్కొక్కటే పేరుస్తూ ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆయన సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది పీల్చుకునే ధ్వని విలువతో భాగించాలి. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న హాల్లో నేలకు టైలు, గోడకు పుట్టీ, కిటికీకి గాజు అన్నీ ధ్వనిలో సుమారు 3 శాతమే పీలుస్తాయనుకుంటే మోత మూడున్నర సెకన్లు. పెద్దాయన టీవీ శబ్దం పెంచుతారు, ఇంకా అర్థం కాదు. మందపాటి పరదాలు, గుడ్డ సోఫా, ఒక తివాచీ వస్తే అది సెకను కిందికి దిగుతుంది. గోడంతా గాజు, నేలంతా నిగనిగ అనుకునే ముందు ఇది తలుచుకోవాలి.

చివరికి ఫాల్స్ సీలింగ్. స్లాబు అడుగు 2.9 మీటర్లుంటే 8 అంగుళాల సీలింగ్ దాన్ని 2.7కు తెస్తుంది. పైన చెప్పిన రెండో పొర నేల మరో 6 సెంటీమీటర్లు తింటుంది. నివాస గదులకు జాతీయ భవన నిర్మాణ స్మృతి చెప్పే కనీస ఎత్తు 2.75 మీటర్లు, ఏసీ గదులకు మాత్రమే 2.4 వరకు సడలింపు ఉంది. ఫ్యాను రెక్కలకూ సీలింగ్‌కూ మధ్య అడుగు ఖాళీ లేకపోతే అది లాగుకోవడానికి గాలి చాలదు, కరెంటు ఖర్చవుతుంది, చెమట ఆరదు. విశాఖ, కాకినాడల్లో ఇంకో సమస్య. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలకు చల్లబడితే చాలు నీరు కారుతుంది. ఏసీ రాగి పైపు అంతకంటే ఎంతో చల్లన. తొడుగులో చిన్న సందున్నా సీలింగ్ లోపల చినుకులు రాలి, జిప్సం బోర్డు మీద గోధుమరంగు మరక తేలుతుంది.

ఆ పైపు జాయింట్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, వైర్ల కలయికలు అన్నీ బోర్డు వెనకే ఉంటాయి. వాటిని చేరడానికి మూత పెట్టమంటే చాలామంది డిజైనర్లు మొహం చిట్లిస్తారు, అందం చెడుతుందని. ఏ త్రీడీ బొమ్మలోనూ నాకది కనిపించలేదు. ఏసీ పైపు మలుపు దగ్గర ఒకటిన్నర అడుగుల చదరపు ట్రాప్‌డోర్ డ్రాయింగ్‌లో గీయించి, బోర్డులు బిగించే ముందే లోపలి పైపులకూ వైర్లకూ పక్కన టేపు ఆనించి ఫొటోలు తీయించి, ఆ రెండూ చేతికి వచ్చాకే చివరి విడత సొమ్ము ఇవ్వాలి.