మన ఇంటికి మొదటి హెచ్.డి. టి.వి. - కొనేముందు తెలుసుకోవలసినవి

మన హాస్టల్‌లో చదువుకున్నవాళ్ళకి టి.వి. అనగానే ముందు గుర్తొచ్చేది హాలు మూలన చెక్కపెట్టెలో తాళం వేసి ఉండే పాత డబ్బా టి.వి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డెన్ గారు తాళం తీసేవారు. అందరం నేల మీద వరసలుగా కూర్చునేవాళ్ళం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి బ్యాట్స్‌మన్ కనిపించేవాడు గాని కింద స్కోరు కనిపించేది కాదు. ముందున్నవాడు చదివి చెబితే ఆ స్కోరు ఒక వరస నుంచి ఇంకో వరసకి వెనక్కి వచ్చేది.

నేను ఇప్పుడు విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదటివాణ్ణి. అందుచేత ఇంటికి ఏ కాగితం వచ్చినా, ఏ వస్తువు కొనాలన్నా "చదువుకున్నావు కదా, నువ్వే చూడు" అంటారు. పోయిన ఏడాది కాఫీ గింజలు అమ్మిన డబ్బు చేతికొచ్చాక నాన్న టి.వి. కోసం 12 వేలు పక్కన పెట్టి, ఎంచే పని నాకు అప్పజెప్పాడు.

నిజం చెప్పాలంటే నేను తప్పు చేయబోయాను. మేము వెళ్ళిన షాపులో 43 అంగుళాల 4కె టి.వి.లో నెమళ్ళు, సముద్రపు చేపలు ఆడుతున్నాయి. ఈకకి ఈక విడిగా కనబడుతోంది. "ఇప్పుడు 12 వేలు కట్టండి, మిగతాది నెలకి 2 వేలు, 9 నెలలు" అన్నాడు షాపతను. నాన్న నా ముఖం చూశాడు. నేను సరే అనబోయి, ఎందుకో "మామూలు తెలుగు చానల్ ఒకటి పెట్టండి" అని అడిగాను. పెట్టేసరికి మనుషుల ముఖాలు అలికేసినట్టు కనిపించాయి. అంతకుముందు చూసిన నెమలి పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చింది. మన ఇంటికి వచ్చేది పెన్‌డ్రైవ్ కాదు గదా! ఆ రోజు ఏమీ కొనకుండా తిరిగొచ్చి, విషయం తెలుసుకున్నాకే మళ్ళీ వెళ్ళాం. ఆ తెలుసుకున్నవే మీకు చెబుతున్నాను.

1. హెచ్.డి. అంటే ఏమిటి?

టి.వి. బొమ్మ సన్నటి చుక్కలతో తయారవుతుంది. వీటినే పిక్సెళ్ళు అంటారు. మన పాత మామూలు ప్రసారంలో అడ్డంగా 720, నిలువుగా 576, అంటే మొత్తం సుమారు 4 లక్షల చుక్కలు. "హెచ్.డి. రెడీ" అని అమ్మే టి.వి.ల్లో ఎక్కువ వాటికి 1366, 768. అంటే సుమారు 10 లక్షలు. "ఫుల్ హెచ్.డి."కి 1920, 1080. అంటే సుమారు 20 లక్షలు. 4కె అంటే సుమారు 83 లక్షలు.

ఇక్కడ ఒక మోసం గమనించాలి. కొన్ని అట్టపెట్టెల మీద "4కె సపోర్ట్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అంటే 4కె వీడియో ఇస్తే దాన్ని తగ్గించి చూపిస్తుందని మాత్రమే అర్థం కావచ్చు. తెరకి ఉన్నవి 10 లక్షల చుక్కలే కావచ్చు. కాబట్టి పెట్టె మీద "రిజల్యూషన్" అన్న చోట ఉన్న అంకెలు చదవండి. పెద్ద అక్షరాలకన్నా ఆ చిన్న అంకెలే ముఖ్యం.

2. మన ఇంటికి ఏ సిగ్నల్ వస్తోంది?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. 4 లక్షల చుక్కల ప్రసారాన్ని 83 లక్షల చుక్కల తెర మీద పరిస్తే కొత్త వివరం పుట్టదు. ఉన్నదాన్నే సాగదీస్తుంది.

మన కొండ ఊళ్ళలో చాలా ఇళ్ళకి ఉన్నది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. ఇది 2004 డిసెంబరులో డి.డి. డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైంది. నెలనెలా డబ్బు కట్టనక్కరలేదు. కాని దీనిలో ఎక్కువ చానళ్ళు మామూలు ప్రసారమే. మిగతా డి.టి.హెచ్. కంపెనీల్లో హెచ్.డి. చానళ్ళకి నెల కిరాయి ఎక్కువ పడుతుంది.

డిష్ పెట్టేటప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. మన ప్రాంతంలో ఫ్రీ డిష్ దక్షిణానికి కొంచెం తూర్పుగా తిరిగి, ఆకాశంలోకి బాగా పైకి చూస్తుంది. ఆ దిక్కున సిల్వర్ ఓక్ కొమ్మ అడ్డం వస్తే బొమ్మ ఆగిపోతుంది. పోయిన ఏడాది బాగానే వచ్చి ఈ ఏడాది రావడం లేదంటే చెట్టు పెరిగిందేమో చూడండి. జోరు వానలో సిగ్నల్ పోవడం మాత్రం టి.వి. తప్పు కాదు.

పెట్టె నుంచి టి.వి.కి వేసే వైరు కూడా ముఖ్యమే. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత వైరులో హెచ్.డి. రాదు. హెచ్.డి. సెట్‌టాప్ బాక్సు, హెచ్.డి.ఎమ్.ఐ. వైరు రెండూ ఉండాలి. హెచ్.డి. టి.వి. కొని, హెచ్.డి. చానళ్ళకి డబ్బు కడుతూ పాత వైరుతోనే చూస్తున్న ఇళ్ళు నేను చూశాను.

స్మార్ట్ టి.వి. అయితే ఊళ్ళో ఫోన్ సిగ్నల్ ఎంత ఉందో ముందు చూసుకోండి. హెచ్.డి. వీడియో గంటకి ఒక జి.బి.కి అటూ ఇటూగా తింటుంది. రోజుకి ఒకటిన్నర జి.బి. ప్యాక్ ఒక్క సినిమాకి కూడా చాలకపోవచ్చు.

3. ఎన్ని అంగుళాలు?

అంగుళాలను మూల నుంచి మూలకి కొలుస్తారు. 32 అంగుళాల టి.వి. అంటే 81 సెంటీమీటర్లు. హెచ్.డి. రెడీలో 32 అంగుళాల తెరని ఆరడుగులు దాటి కూర్చుని చూస్తే చుక్కని చుక్కగా మన కన్ను విడదీయలేదు. కాబట్టి ఎనిమిది, పదడుగుల గదిలో ఈ సైజుకి ఫుల్ హెచ్.డి. కోసం అదనంగా డబ్బు పెట్టినా పెద్ద తేడా కనబడదు. 40 అంగుళాలు దాటితే మాత్రం ఫుల్ హెచ్.డి. తీసుకోవడమే మంచిది.

ఇప్పుడు 32 అంగుళాల హెచ్.డి. రెడీ టి.వి. కంపెనీని బట్టి సుమారు 8 వేల నుంచి 15 వేల వరకు ఉంది. 32 అంగుళాలు దాటిన వాటి మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 32 అంగుళాల లోపు వాటి మీద 2019 నుంచే 18 శాతం. "పెద్దవాటి మీద పన్ను తగ్గింది" అన్న మాట నిజమే గాని, అది మన గదిని పెద్దది చేయదు.

4. కరెంటు, పిడుగు

టి.వి. వెనక ఉన్న చీటీలో ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకు పనిచేస్తుందో రాసి ఉంటుంది. 100 నుంచి 240 అని ఉంటే లో వోల్టేజీకి తట్టుకుంటుంది. ఊళ్ళో కరెంటు మరీ ఎగిరి పడుతుంటే స్టెబిలైజరు పెట్టుకోవాలి. 50 వాట్ల టి.వి. రోజుకి 4 గంటలు చూస్తే నెలకి 6 యూనిట్లు అవుతుంది.

పిడుగుకి మాత్రం స్టెబిలైజరు ఆగదు. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతోపాటు డిష్ వైరు కూడా తీసేయాలి. ప్లగ్గు ఒక్కటే తీస్తే చాలదు. ఉరుములు మొదలయ్యాక వైర్లు ముట్టుకోవద్దు.

మట్టిగోడకి టి.వి. తగిలించకండి. కాళ్ళు బిగించి గట్టి బల్ల మీద, పొయ్యి పొగకి దూరంగా పెట్టండి.

5. బిల్లు, సర్వీసు, ఘాట్ రోడ్డు

టి.వి. చీటీ మీద బి.ఐ.ఎస్. గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నెంబరు ఉండాలి. ఫోన్‌లో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ నెంబరు కొట్టి నిజమో కాదో చూడవచ్చు. తర్వాత షాపతన్ని "మా ఊరికి మెకానిక్ వస్తాడా, మేమే టి.వి.ని కిందికి మోసుకు రావాలా?" అని సూటిగా అడగండి. మా పక్కింటివాళ్ళు చవకని కొన్న టి.వి. ఏడు నెలలకే ఆగిపోయింది. వారంటీ ఉంది గాని ఎవరూ కొండెక్కి రాలేదు. దాన్ని జీపులో తీసుకెళ్తే దారిలో తెర పగిలింది. పగిలిన తెరకి వారంటీ లేదన్నారు.

అందుచేత టి.వి.ని ఎప్పుడూ నిలబెట్టే తీసుకెళ్ళాలి, పడుకోబెట్టకూడదు. అట్టపెట్టె, థర్మాకోల్ దాచుకోవాలి. కొన్నప్పుడు షాపులోనే వెలిగించి చూసి, జి.ఎస్.టి. బిల్లు, తేదీ వేసిన వారంటీ కార్డు తీసుకోవాలి. బిల్లు లేకపోతే రేపు మన మాట ఎవరూ వినరు. బిల్లు ఉంటే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకి ఫిర్యాదు ఫీజు కూడా లేదు.

6. వాయిదాల మాట

కాఫీ, మిరియాల డబ్బు మనకి ఏడాదికి ఒక్కసారి వస్తుంది. వాయిదా నెలనెలా వస్తుంది. వానాకాలంలో చేతిలో రూపాయి ఆడదు, సరిగ్గా అప్పుడే బడులు తెరుస్తారు. ఆ రోజు నేను సరే అని ఉంటే జూన్, జూలై వాయిదాలు మా చెల్లి ఇంటర్ ఖర్చులోంచి పోయేవి. జీతం ఉన్నవాళ్ళకి వాయిదా సౌకర్యం కావచ్చు. మన ఇళ్ళకి పంట లెక్కే సరైన లెక్క.

చివరికి మేము కొన్నది 32 అంగుళాల హెచ్.డి. రెడీ. వైరుతో కలిపి 11 వేల పైచిలుకు అయింది. మిగిలిన డబ్బు నాన్న చెల్లికే ఇచ్చాడు. నాన్నకి, అమ్మకి చదువు రాదు. మొదటి రోజు సాయంత్రం వార్తలు పెడితే చెల్లి గోడకి ఆనుకుని పదడుగుల దూరంలో కూర్చుని, తెర కింద పరిగెత్తే అక్షరాలన్నీ గడగడా చదివి వినిపించింది. వాన కబురు వచ్చినప్పుడు నాన్న "మళ్ళీ చదువు" అన్నాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు మీ ఇంట్లో కూడా "చదువుకున్నావు కదా, నువ్వే చూడు" అంటారు. అప్పుడు నెమలిని చూసి సరే అనకండి. మన ఇంటికి వచ్చే చానల్ పెట్టమని అడగండి.