ఆ కథ చివరిదాకా విన్నామా?



కొండవీడు కొండ ఎక్కే పిల్లలకు రెడ్డిరాజుల కథలు చెప్పే పెద్దలు మా ప్రాంతంలో ఇంకా ఉన్నారు. అటు కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు పల్నాటి వీరుల తిరునాళ్ళ మొదలై ఐదు రోజులు సాగుతుంది. ఎనిమిది వందల ఏళ్ళు దాటిన యుద్ధాన్ని నిన్న జరిగినట్టే పాడి వినిపిస్తారు. కథంటే చెవి కోసుకునే నేల మనది. అయితే మన ఇంట్లోనే గోడవైపు తిరిగి పడుకున్న మనిషి కథ వినడానికి మాత్రం మనకు తీరిక దొరకదు.

మేము ఎరిగిన ఒక సోదరుని సంగతి చెబుతాము. ఆయన పేరు, ఊరు చెప్పము. కౌలు పొలంలో మిరప వేశాడు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మన మిరప తోటలను ఏమి చేసిందో మీకు తెలుసు. ఆయన తోటలో పూత నిలవలేదు. కౌలు, మందుల కొట్టు బాకీ, వడ్డీ మాత్రం నిలిచాయి. మనిషి మాట మానేశాడు, అన్నం సరిగా తినడు, ఆదివారం ఆరాధనకు రాడు. మేమందరము కలిసి వెళ్ళాము. "దిగులుపడకు తమ్ముడూ, ప్రభువు చూసుకుంటాడు" అన్నాము. ఒక వాక్యము చదివి, ప్రార్థన చేసి, పావుగంటలో లేచి వచ్చాము. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడే సందు మేమివ్వలేదు.

తరువాత సంఘ పెద్ద ఒకాయన ఒంటరిగా వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. "ఏం జరిగిందిరా అబ్బాయ్? మొదటి నుంచి చెప్పు" అన్నాడు. ఎంతోసేపటికి, "నేనే ఇల్లు ముంచాను బాబాయ్" అనే మాట వచ్చింది. రెండోసారి వెళ్ళినప్పుడూ అదే కథ, అవే మాటలు. పెద్దాయన విసుక్కోలేదు. మూడోసారి అసలు సంగతి బయటపడింది. ఒక రాత్రి తాను ఇక బతకకూడదని అనుకున్నానని చెప్పాడు. పెద్దాయన గద్దించలేదు. "మరి ఆ రాత్రి నిన్ను ఆపిందేమిటిరా?" అని అడిగాడు.

"పాప నిద్రలో లేచి మంచినీళ్ళు అడిగింది బాబాయ్. ఇచ్చి, తెల్లారేదాకా దాని పక్కనే కూర్చున్నాను."

"అయితే నువ్వు ఇల్లు ముంచినవాడివే కాదు, ఆ రాత్రి బిడ్డ దాహం తీర్చిన నాన్నవి కూడా."

ఆ సాయంత్రమే పెద్దాయన ఆయన భార్యతో మాట్లాడి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో లేకుండా చేయించాడు. రాత్రి తోడుగా మనిషిని ఉంచాడు. మర్నాడు గుంటూరులో మానసిక వైద్యుని దగ్గరకు వెంటబెట్టుకొని వెళ్ళాడు. కొన్ని నెలలు మందులు వాడారు. అప్పు ఇంకా తీరలేదు. కాని మనిషి మనకు దక్కాడు.

వైద్యులకు తెలిసిన సంగతే

పెద్దాయన ఏ పుస్తకమూ చదివి ఈ పని చేయలేదు. అయితే మానసిక చికిత్సలో ఇదొక పద్ధతి. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ వైట్, న్యూజిలాండుకు చెందిన డేవిడ్ ఎప్‌స్టన్ దీనిని వివరిస్తూ 1990లో ఒక గ్రంథము వెలువరించారు. మనిషి వేరు, సమస్య వేరు అన్నది వారి మూలసూత్రము. కుంగిపోయినవాడు తన బ్రతుకును ఒకే కథగా చెప్పుకుంటాడు. అందులో ఓటములే ఉంటాయి. ఆ కథలో చేరకుండా మిగిలిపోయిన సంగతులను అడిగి వెలికి తీయడమే వైద్యుని పని. పాపకు నీళ్ళిచ్చిన సంగతి అలాంటిదే.

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులలో కొందరిచేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ గుండెల్లోని గాయాల గురించి వ్రాయించాడు. ఆ ఫలితాలు 1986లో ప్రచురించాడు. వ్రాసిన వెంటనే వారికి దుఃఖము హెచ్చింది. కాని తరువాతి నెలల్లో, తమ గాయము గురించీ దాని బాధ గురించీ కలిపి వ్రాసినవారు ఆసుపత్రికి వెళ్ళడము తగ్గింది. కాబట్టి చెప్పేటప్పుడు ఏడుపు వస్తే మనము కంగారుపడనక్కరలేదు.

బదరీ వృక్షము క్రింద

రాజులు మొదటి గ్రంథము 19వ అధ్యాయము తీసి చూడండి. ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. ముందు నిద్ర ఇచ్చాడు, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. హోరేబు చేరిన తరువాత, ఇక్కడేమి చేస్తున్నావని అడిగాడు. సమస్తమెరిగిన దేవునికి తెలియక అడిగాడా? ఏలీయా తన కథ చెప్పుకున్నాడు, తానొక్కడినే మిగిలానన్నాడు. దేవుడు మళ్ళీ అడిగాడు. ఏలీయా మళ్ళీ అదే కథ చెప్పాడు. రెండుసార్లూ దేవుడు విన్నాడు. ఆ తరువాతనే ఆ కథలో లేని సంగతి తెలియజేశాడు: బయలుకు మోకాలు వంచని ఏడు వేలమంది ఇంకా ఉన్నారు. తోడుగా ఎలీషాను కూడా ఇచ్చాడు.

మన సాక్ష్య కూడికలు

మన సంఘాలలో సాక్ష్యము చెప్పే అలవాటు గొప్ప ఆస్తి. కాని ఒక మాట ఒప్పుకుందాము. మన సాక్ష్యాలన్నీ విజయముతోనే ముగియాలి. రోగము తగ్గినవారు లేస్తారు, అప్పు తీరినవారు లేస్తారు. ఇంకా చీకటిలో ఉన్నవారు వెనుక వరుసలో తలవంచుకొని కూర్చుంటారు, లేదా రావడమే మానేస్తారు. ముగింపు దొరకని కథకు మన కూడికలో చోటు లేకపోతే ఆ కథ ఎక్కడికి పోతుంది? కీర్తనలలో దావీదు కన్నీళ్ళకు చోటు ఉన్నది గదా!

అందరి ఎదుట చెప్పించనక్కరలేదు. ఇద్దరు కూర్చుంటే చాలు. వినేవారు ఈ సంగతులు మరువవద్దు. మధ్యలో అడ్డు తగలవద్దు. వారికంటే పెద్ద కష్టము మీదని చెప్పవద్దు. వెంటనే తీర్పు గాని ప్రసంగము గాని వద్దు. చెప్పలేనంటే బలవంతము చేయవద్దు. విన్నది బావి దగ్గరకు, అరుగు మీదకు చేరకూడదు.

ఒక్క సంగతి మాత్రము దాచకూడదు. చనిపోవాలని ఉన్నదని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకండి, ఇంటివారికి చెప్పండి, వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్ళండి. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. మందులు వాడడము అవిశ్వాసము కాదు. ఏలీయాకు రొట్టె పంపిన దేవుడే వైద్యునికి జ్ఞానమిచ్చాడు.

ఈ వారము మీ వీధిలో కూడికకు రావడం మానేసిన ఒక్కరి ఇంటికి వెళ్ళండి. వాక్యము తీయక ముందు, "ఏం జరిగిందమ్మా? ఏం జరిగింది నాయనా?" అని అడగండి. తరువాత తొందరపడకుండా కూర్చోండి.