పెట్టెలో పెట్టె: లూప్ ఆగింది ఎక్కడ, తప్పు ఉన్నది ఎక్కడ?

వెబ్‌సైట్లకు అందే డేటా తరచుగా పెట్టెలో పెట్టెలా అమరి ఉంటుంది. ప్రోగ్రామర్లు దీన్ని నెస్టెడ్ ఆబ్జెక్ట్ అంటారు. వర్షపాతం చూపే ఒక పేజీని ఉదాహరణగా తీసుకుందాం. జిల్లాలో వాతావరణ కేంద్రాలు, ఒక్కో కేంద్రంలో 'వర్షం' అనే ఆబ్జెక్ట్, దానిలో 'ఈరోజు' అనే విలువ ఉంటాయి. ప్రోగ్రామ్‌లోని లూప్ ఒక్కో కేంద్రాన్నీ తెరిచి, ఆ విలువను పట్టికలో చేరుస్తుంది.

మొత్తం 40 కేంద్రాల్లో 17వ దాని నుంచి 'వర్షం' వివరాలే రాలేదనుకుందాం. జావాస్క్రిప్ట్ అక్కడే ఆగిపోయి, 'అన్‌డిఫైన్డ్ నుంచి "ఈరోజు"ను చదవలేను' అనే అర్థంలో సందేశం ఇస్తుంది. ఈ పరిస్థితికి ప్రోగ్రామ్‌లో ముందే ఏర్పాటు లేకపోతే, తర్వాతి 23 కేంద్రాల వివరాలు సరిగ్గా ఉన్నా పట్టికలోకి చేరవు.

సందేశం చూసి 'ఈరోజు' కోసం వెతకడం సహజం. కానీ లేనిది దానికి పై అంచెలోని 'వర్షం'. ఆబ్జెక్ట్‌లో లేని అంశాన్ని అడిగితే జావాస్క్రిప్ట్ అభ్యంతరం చెప్పదు, 'అన్‌డిఫైన్డ్' అని ఊరుకుంటుంది. ఆ అన్‌డిఫైన్డ్ లోపలికి వెళ్లబోయినప్పుడే ఆగుతుంది. అందుకే తప్పు ఒక మెట్టు పైన ఉంటే, సందేశం ఒక మెట్టు కింద కనిపిస్తుంది.

దాన్ని పట్టుకోవాలంటే, విలువను చదివే వరుసకు ముందు కేంద్రం పేరును కన్సోల్‌లో చూపించాలి. చివరగా కనిపించిన పేరు దగ్గరే లోపం ఉంటుంది.

2020లో జావాస్క్రిప్ట్ ప్రమాణంలో ఆప్షనల్ చైనింగ్ చేరింది. చుక్కకు ముందు ప్రశ్నార్థకం పెడితే, పై పెట్టె లేకపోయినా లూప్ ఆగకుండా సాగుతుంది. అయితే, 'విలువ లేకపోతే సున్నా వెయ్యి' అని దానికి తోడు చేర్చడంలో ప్రమాదం ఉంది. వాన పడకపోవడం వేరు, కొలత అందకపోవడం వేరు.

24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటిన వానను భారత వాతావరణ శాఖ అత్యంత భారీ వర్షంగా వర్గీకరిస్తుంది. అంతటి వానలో సంబంధాలు తెగిపోయిన కేంద్రం పట్టికలో సున్నాగా కనిపిస్తే, దిగువ గ్రామాలవారు నిశ్చింతగా ఉండిపోవచ్చు. లూప్ ఆగిపోతే లోపం కనీసం కంటపడుతుంది. తప్పుడు సున్నా అలా పట్టుబడదు. అందుకే ఆ గడిలో 'సమాచారం అందలేదు' అని రాయించడమే సరైన పరిష్కారం.