అత్యవసర చికిత్సాశాలలో పారామెడిక్కులు

గుండె ఆగినచో మెదడునకు రక్తము అందదు. రక్తముతో వచ్చు ప్రాణవాయువును అందదు. ఈ స్థితిలో నాలుగైదు నిమిషములు గడచునప్పటికి మెదడులోని కణములు చెడుటకు మొదలిడును. కనుక అత్యవసర చికిత్సలో మందుకంటె ముందు లెక్కకు వచ్చునది కాలము.

ఈ సత్యమును గ్రహించియే 1966లో ఉత్తర ఐర్లండునందలి బెల్ఫాస్టు నగరమున ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అను హృద్రోగ వైద్యుడు, గుండెకు విద్యుద్ఘాతమిచ్చు యంత్రమును అంబులెన్సులో ఎక్కించి రోగి యున్న చోటికే పంపెను. కారు బ్యాటరీలతో పనిచేయు ఆ యంత్రము సుమారు 70 కిలోల బరువుండెను. బండిలో వైద్యుడును వెళ్ళెడివాడు. కాని ప్రతి బండికి ఒక వైద్యుని సమకూర్చుట సాధ్యమా? ఆ పనులను వైద్యులు కానివారికి నేర్పరాదా? 1970లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము వెడ్‌వర్త్-టౌన్‌సెండ్ చట్టము ద్వారా ఇందుకు అనుమతి నిచ్చినది. ఇట్లు శిక్షణ పొందినవారే పారామెడిక్కులు. శ్వాసనాళమున గొట్టము అమర్చుట, సిరలోనికి మందు ఎక్కించుట, గుండె విద్యుత్ రేఖాచిత్రమును చదువుట, విద్యుద్ఘాతమిచ్చుట వీరు నేర్చిన పనులలో ముఖ్యమైనవి.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. ఆ రాష్ట్రపు చట్టము ప్రకారము పారామెడిక్ ప్రమాదస్థలమునను, బండిలోను, ఆసుపత్రి అత్యవసర విభాగమున అచ్చటి సిబ్బంది రోగి బాధ్యతను స్వీకరించువరకును చికిత్స చేయవచ్చును. సాధారణముగా అంతటితో అతని అధికారము ముగియును. చిన్న గ్రామీణ ఆసుపత్రులకు మాత్రము కొన్ని నియమములతో మినహాయింపు కలదు. బండిలో ప్రాణము నిలిపిన చేయి గడప దాటగనే ఆగిపోవలెనా? నైపుణ్యము చేతిలో నున్నదా, బండిలో నున్నదా?

ప్రశ్న న్యాయమైనదే; కాని నిషేధమును అర్థరహితము కాదు. బండిలో సాధారణముగా ఒకే రోగి, కొద్దిసేపటి పని, ముందుగా వ్రాసియుంచిన చికిత్సాక్రమము. ఆసుపత్రిలో ఒకేసారి పలువురు రోగులు. గంటల తరబడి మారుచుండు స్థితిని కనిపెట్టవలెను. ఒక మందుపై మరియొక మందు ప్రభావమును గమనింపవలెను. ఈ పని నర్సుల శిక్షణకు ప్రాణము. ఖర్చు తగ్గించుటకై యాజమాన్యములు నర్సుల స్థానమున ఇతరులను నియమించునేమో యను భయమును కలదు.

కనుక తలుపు తెరచుటకు ముందు మూడు విషయములు తేలవలెను: పారామెడిక్ ఏయే పనులు చేయవలెను? ఎవరి ఆజ్ఞపై చేయవలెను? పొరపాటు జరిగినచో జవాబుదారి ఎవరు? బ్రిటనులో పారామెడిక్కులు ఆసుపత్రుల అత్యవసర విభాగములలోను పనిచేయుచున్నారు. 2018 నుండి అచ్చట పైశిక్షణ పొందిన పారామెడిక్కులకు మందులు వ్రాయు అధికారమును లభించినది. అధికారము శిక్షణను వెంబడించిన దనుటకు ఇది నిదర్శనము.

మన హైదరాబాదున 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ ప్రారంభమైనది. రోడ్డు ప్రమాదమునందును, పురిటినొప్పులయందును పల్లెవానికి మొదట అందు చేయి ఆ బండిలోని సాంకేతికునిదే. 2021లో కేంద్రప్రభుత్వము వైద్యానుబంధ వృత్తులకై చట్టము చేసినది. ఈ వృత్తికిని అందు స్థానము లభించినది. అర్ధరాత్రి ఒక్క వైద్యుడు, ఒక్క నర్సు ఉన్న చిన్న ఆసుపత్రికి నలుగురు క్షతగాత్రులు ఒకేసారి వచ్చిరనుకొనుడు. శ్వాసమార్గమును కాపాడగల మూడవ వ్యక్తి వాకిట చేతులు కట్టుకొని నిలుచుట ఎవరికి మేలు? నర్సుల సంఖ్య తగ్గింపక, పనులకు హద్దులు వ్రాసి, వైద్యుని అజమాయిషీలో అతనిని లోనికి పిలుచుటయే వివేకము.