పడవ ఇంజను నడిసముద్రమున ఏల ఆగిపోవును?



ప్రతి సంవత్సరమును ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వఱకు, 61 దినములు, మన తూర్పుతీరమున ఇంజను పడవలు వేటకు పోరాదని శాసనము గలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఈ నిషేధము. పడవ ఇసుకమీదికి చేరును. దాని వెనుక బిగించు మోటారు, అనగా అవుట్‌బోర్డు ఇంజను, ఇంటి వసారాలో గోనెపట్టా కప్పుకొని యుండును. జూన్ 15వ తేదీన దానిని మఱల పడవకు బిగింతురు. తాడు రెండుమూడుసార్లు లాగగానే అది అందుకొనును. ఒడ్డున నున్నవా రందఱును సంతోషింతురు. నది సముద్రమున గలియు మొగ దాటుచుండగా, సరిగా అలలు విరుగు చోట, అది రెండుసార్లు దగ్గి ఆగిపోవును. ఇంజను ఆగిన పడవ అలకు ఎదురు నిలువజాలక అడ్డము తిరుగును. అడ్డము తిరిగిన పడవను తరువాతి అల ఏమి చేయునో తీరగ్రామములవారికి నేను చెప్పనక్కరలేదు.

నేను చాల కాలముగా ఇట్టి పాత ఇంజనులను విప్పి చూచుచున్నాను. పడవ తిరిగి వచ్చిన తరువాత సాధారణముగా జరుగున దేమనగా, ముందు ప్లగ్గు మార్తురు. అది పనిచేయనిచో కాయిలు మార్తురు. అప్పటికిని ఆగుచున్నచో ‘ఇది ముసలిదైన’దని పాత యినుమువానికి తూచివేయుదురు. వానిలో పెక్కింటికి రోగ మేమియు లేదు. కడుపునకు తిండి అందలేదు, అంతే. ఆకలిగొన్నవానికి కషాయము పోసిన నేమి ప్రయోజనము?

కావున మొదట తెలిసికొనవలసినది, లోపము నిప్పురవ్వదా, పెట్రోలుదా అని. ఒడ్డుననే తాడు పదిసార్లు లాగి, ప్లగ్గు విప్పి చూడుడు. ప్లగ్గు మొన తడిగా నున్నచో పెట్రోలు వచ్చుచున్నది. లోపము వేఱొకచోట వెదకవలెను. పొడిగా నున్నచో పెట్రోలు రానేలేదు. ఇచట ఒక హెచ్చరిక. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక పడవ అడుగున నిలిచియుండును. బీడీ కాల్చుచు ఈ పని చేయరాదు. పెట్రోలు ఒలికిన పడవలో ప్లగ్గు రవ్వ పరీక్షయు చేయరాదు.

నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ అనునతడు 1909లో ఇట్టి మోటార్లను అమ్మ నారంభించెను. ఆ తొలి మోటార్లలో పెట్రోలు తొట్టి ఇంజనుమీదనే యుండెడిది. పెట్రోలు తన బరువుతో తానే క్రిందికి దిగెడిది. తరువాతి కాలమున తొట్టిని వేఱుచేసి, పడవ అడుగున నుంచి, రబ్బరు గొట్టముతో ఇంజనునకు కలిపిరి. తొట్టి పెద్దదయ్యెను, దూరప్రయాణము సాధ్యమయ్యెను. కాని నాటినుండి చిక్కులలో అధికభాగము ఆ గొట్టము వెంటనే వచ్చుచున్నది.

చివరి మడికి నీరందలేదని ఏ రైతును మడిని త్రవ్వుకొని కూర్చుండడు. చెఱువు తూముకడకు పోయి, అచటినుండి కాలువ వెంట నడచివచ్చును. ఇచటను అదే పద్ధతి. తొట్టి చెఱువు. గొట్టము కాలువ. నడుమ ఒక రబ్బరు బుడ్డి, జల్లెడ, చిన్న పంపు ఉండును. కార్బురేటరు చివరి మడి. అందఱును ముందుగా విప్పునది ఆ చివరి మడినే!

తొట్టి మూతమీద గాలి వచ్చుటకు చిన్న మఱ యొకటి యుండును. లోని పెట్రోలు బయటికి పోయినకొలది ఆ చోటికి గాలి రావలెను. మఱ బిగించియున్నను, లేక రెండునెలల విశ్రాంతిలో కుమ్మరిపురుగు దానిలో మట్టిగూడు కట్టినను, పది పదునైదు నిమిషములు ఇంజను చక్కగా నడిచి, పిమ్మట నీరసించి ఆగిపోవును. కొంతసేపైన తరువాత మఱల అందుకొనును. ఈ లక్షణమును చూచి ‘వేడెక్కి ఆగుచున్న’దని భ్రమింతురు. ఆగినవెంటనే తొట్టిమూత వదులుచేయుడు. బుసమని గాలి లోనికి పోయిన చప్పుడు వినబడినచో దోషము దొరికినట్లే. దీనికి కాసు ఖర్చు లేదు.

ఇక రబ్బరు బుడ్డి. నాడి చూచు వైద్యునకు మణికట్టు ఎట్టిదో, మనకు ఈ బుడ్డి అట్టిది. దానిపై బాణపు గుఱుతు ఇంజనువైపు చూపవలెను. లోపల రెండు కవాటము లుండును. పెట్రోలును ముందుకేగాని వెనుకకు పోనీయవు. ఇంజను నడుపుటకు ముందు దీనిని పిసుకుచుండగా క్రమముగా గట్టిపడవలెను. ఎంత పిసికినను గట్టిపడనిచో మూడు కారణము లుండవచ్చును: లోని కవాటములు చెడియుండవలెను, గొట్టములో గాలి దూరుచుండవలెను, లేదా ముందున్న పంపులోనో కార్బురేటరులోనో పెట్రోలు కట్టుదప్పి పొర్లిపోవుచుండవలెను. ఇంజను నడుచుచుండగా బుడ్డి లోనికి పీల్చుకొని చప్పిడియైనచో, అడ్డు బుడ్డికి వెనుక నున్నది: గాలిమఱ మూసికొనుటయో, తొట్టిలోని జల్లెడ మూసికొనుటయో కావలెను. బుడ్డి గట్టిగా నుండియు ఇంజను ఆకలితో ఆగిపోవుచున్నచో, అడ్డు బుడ్డికి ముందున్నది. ఈ ఒక్క పరీక్షతో వెదకవలసిన దారి సగమునకు తగ్గును.

గాలి దూరుట యనుమాట కొంత వివరింపవలసియున్నది; ఏలయనగా మంచి పనివారుకూడ ఇచట మోసపోవుదురు. గొట్టమునకు చిల్లి యున్నచో పెట్రోలు కారును గదా, కారుటలేదు కావున చిల్లి లేదని వా రందురు. ఇంజను నడుచునపుడు ఆ గొట్టము పెట్రోలును పీల్చునదిగాని త్రోయునది కాదు. చిన్న చిల్లినుండి బయటికి చుక్క కారదు. లోనికి గాలి పోవును. గొట్టము చివర బిగించు కొక్కెములో చిన్న రబ్బరు ఉంగర మొకటి యుండును. అది అరిగినను ఇంతే. మఱియొక గూఢమైన దోషము గలదు. పాత గొట్టముల లోపలి పొర ఊడి, బయటికి ఏమియు కనబడకుండ, లోపల నాలుకవలె వ్రేలాడుచుండును. మెల్లగా నడిపినపుడు పెట్రోలు దాని ప్రక్కగా పోవును. వేగము పెంచగానే పీల్పునకు ఆ నాలుక అడ్డుపడును. ఒక తీరగ్రామమున ఇట్టి ఇంజనునకు రెండు కాయిళ్లు, ఒక కార్బురేటరు మార్చి పదివేలకు పైగా వ్యయపఱచినవారిని నే నెఱుగుదును. వారికి కావలసినది రెండు బారల క్రొత్త గొట్టము.

ఈ పొర ఊడుటకు పెట్రోలును ఒక కారణమే. ఇప్పుడు మన బంకులలో దొరకు పెట్రోలులో నూటికి ఇరువది వంతుల వఱకు ఇథనాలు అను సారాయి కలిసియుండును. పూర్వపు ఇంజనుల రబ్బరు దాని నుద్దేశించి చేసినది కాదు, ఉబ్బును, మెత్తబడును. అంతకంటె ముఖ్యమైనది, ఈ సారాయి నీటిని ఆకర్షించును. సముద్రపు గాలిలో రెండునెలలు సగము నిండిన తొట్టి నుంచినచో అది తేమను త్రాగుచుండును. హద్దు మీఱినపుడు నీరును సారాయియు కలిసి విడిపోయి అడుగునకు దిగును. గొట్టము మొన ఉండునదియు అడుగుననే! మనము పెట్రోలులో కలిపిన నూనె మాత్రము పైపొరతోనే నిలుచును. కావున అడుగుపొరను పీల్చిన ఇంజను ఆగుటయే మేలు. ఆగక కొంతసేపు నడిచినచో నూనె లేక పిస్టను పట్టివేయును. అట్టి ఇంజను నిజముగానే పాత యినుము. పరీక్ష సులభము: తొట్టి అడుగునుండి కొంచెము తీసి తెల్లని గాజుసీసాలో పోసి, కదలింపక పావుగంట యుంచుడు. రెండు పొరలు కనబడినచో ఆ పెట్రోలు నంతను తీసివేయవలసినదే, వడగట్టి వాడరాదు.

నూనె మాట వచ్చినది కావున చెప్పుచున్నాను. రెండు స్ట్రోకుల ఇంజనులలో కొన్నిటికి 50కి 1 పాలు, అనగా లీటరునకు 20 మిల్లీలీటర్ల నూనె. మఱి పాతవానికి 25కి 1 పాలు, అనగా 40 మిల్లీలీటర్లు. మీ ఇంజనుది ఏదో దానితో వచ్చిన పుస్తకమున చూడుడు. పొరుగువాని నడిగి పోయవలదు.

పంపులో పలుచని పొర యొకటి ఇంజను ఊపిరితోనే ముందునకు వెనుకకు ఆడుచు పెట్రోలును తోడును. పూర్తి వేగమున నీరసించునపుడు ఒకరు బుడ్డిని పిసికినచో ఇంజను తేరుకొనెనా, ఆ పొరనో అంతకు వెనుకనున్న గొట్టమునో అనుమానింపవలెను. ఈ పరీక్షకు ఇద్దఱు మనుష్యులు, నిలుకడ నీరు ఉండవలెను. చోకు సగము లాగినపుడు మాత్రమే నడుచు ఇంజనునకు సాధారణముగా కార్బురేటరులోని జెట్టు, అనగా సన్నని ఇత్తడి రంధ్రము, పాత పెట్రోలు జిగురుతో పూడియుండును. దానిని ద్రావకములో నానబెట్టి గాలితో ఊదవలెను. ఇనుప తీగతో పొడుచువారిని చూచినచో నాకు ప్రాణము చివుక్కుమనును. ఆ రంధ్రము వెండ్రుకవాసి పెద్దదైనను పాళ్లు తప్పును.

కిరసనాయిలు ఇంజనులవారికి ఒక్కమాట. ఒడ్డు చేరునపుడు చివరి కొన్ని నిమిషములు పెట్రోలుమీదికి మార్చి నడిపి ఆపవలెను. కార్బురేటరులో కిరసనాయిలు మిగిలినచో మఱునాటి ఉదయము చల్లని ఇంజను అందుకొనదు.

ఏప్రిల్ 15 రాకమునుపే తొట్టిని ఖాళీచేసి ఆరబెట్టుడు. కార్బురేటరు అడుగున నుండు చిన్న మఱను విప్పి లోని పెట్రోలును పూర్తిగా దింపుడు. గొట్టపు మొనలకు గుడ్డ చుట్టుడు. జూన్ నెలలో క్రొత్త పెట్రోలు పోసి, బుడ్డి గట్టిపడునా యని చూచి, గాలిమఱ తీసి, మొదటి దినమున అరగంటసేపు మొగకు లోపలనే, నదిలో, పూర్తి వేగముతో త్రిప్పుడు. గాలిమఱ దోషము ఐదు నిమిషములలో బయటపడదు. గొట్టపు నాలుక మెల్లని నడకలో బయటపడదు. ఆ అరగంటలో ఇంజను ఒక్కసారి దగ్గినను, ఆనాడు మొగ దాటవలదని మీ పిల్లలతో చెప్పుడు.